చైన్ డ్రైవ్ ట్యాంకరు లారీలు

ఇంజను శక్తిని గొలుసుల ద్వారా వెనక చక్రాలకు అందించే లారీ చట్రం మీద ఇంధన ట్యాంకు బిగించిన సరఫరా వాహనాలను చైన్ డ్రైవ్ ట్యాంకరు లారీలు అంటారు. 20వ శతాబ్దపు తొలి మూడు దశాబ్దాల్లో అమెరికా, బ్రిటన్‌లలో ఇవి విస్తృతంగా తిరిగాయి. ఓడ, రైలు, పైపులైను మీద వచ్చిన చమురును డిపోలో నింపుకుని దుకాణాలకు, గ్యారేజీలకు, పెట్రోలు బంకులకు, కర్మాగారాలకు చేర్చడం వీటి పని. గట్టి రబ్బరు టైర్లు, తక్కువ వేగం, ఎక్కువ బరువు, బయటికి కనిపించే రెండు గొలుసులు వీటి ముఖ్య లక్షణాలు. 1930ల్లో షాఫ్టు డ్రైవ్ లారీలు, అంటే తిరిగే కడ్డీతో ఇరుసు గేర్లకు శక్తినిచ్చేవి, వీటి స్థానంలోకి వచ్చాయి.

నిర్వచనం, పరిధి

ఈ వ్యాసం పెట్రోలు ఇంజనుతో నడిచి, ద్రవ ఇంధనాన్ని మోసిన గొలుసు చోదక లారీలకు పరిమితం. ఆ కాలపు ఆవిరి లారీల్లో చాలావాటికి గొలుసులే ఉన్నా, అవి వేరే తరగతికి చెందుతాయి (చూ. ఆవిరి లారీలు). ట్యాంకు, లారీ ఒకే చట్రం మీద ఉన్నవాటిని స్థిర ట్యాంకర్లు అంటారు. లాగే బండి వేరుగా, ట్యాంకు వేరుగా ఉండి, వెనక భాగం ముందు భాగం మీద ఆనుకుని తిరిగేవాటిని సంధి ట్యాంకర్లు అంటారు.

చారిత్రక నేపథ్యం

19వ శతాబ్దంలో చమురు వ్యాపారమంటే ప్రధానంగా కిరసనాయిలు వ్యాపారం. మొదట అది చెక్క పీపాల్లో, తర్వాత రేకు డబ్బాల్లో ప్రయాణించింది. పీపాలు కారేవి, ఖాళీవి వెనక్కి తేవడానికి ఖర్చయ్యేది. అందుకే పీపాల, డబ్బాల సరఫరా ఒక్కో దశలో తగ్గుతూ, ట్యాంకుల్లో చేసే టోకు సరఫరా పెరిగింది. 1865 నాటికే అమెరికాలోని పెన్సిల్వేనియాలో చమురు మోసే రైలు ట్యాంకులు, పైపులైను పని మొదలుపెట్టాయి. 1892లో వ్యాపారి మార్కస్ శామ్యూల్ పంపిన మ్యూరెక్స్ అనే ట్యాంకరు ఓడ సూయజ్ కాలువ దాటి తూర్పు దేశాలకు కిరసనాయిలు తెచ్చింది.

చివరి అంచె మాత్రం చాలాకాలం గుర్రాల మీదే ఆధారపడింది. అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్, బ్రిటన్‌లో దాని అనుబంధ సంస్థ ఆంగ్లో అమెరికన్ ఆయిల్ గుర్రపు ట్యాంకు బళ్లతో ఊళ్లలోని దుకాణాలకు కిరసనాయిలు అందించేవి. బండి వెనక కొళాయి, పక్కన కొలత డబ్బాలు ఉండేవి. తర్వాతి మోటారు ట్యాంకర్లు ఈ ఏర్పాటును దాదాపు ఉన్నదున్నట్టు తీసుకున్నాయి.

మోటారు కార్లు పెరగడంతో పరిస్థితి మారింది. అమెరికాలో 1910లో సుమారు 4.68 లక్షల మోటారు వాహనాలు నమోదై ఉండగా, 1920 నాటికి వాటి సంఖ్య 92 లక్షలు దాటింది. 1910 ప్రాంతంలోనే అక్కడ పెట్రోలు అమ్మకాలు కిరసనాయిలును మించాయి. 1913 డిసెంబరులో గల్ఫ్ సంస్థ పిట్స్‌బర్గ్‌లో కార్లు నేరుగా లోపలికి వచ్చి ఇంధనం నింపుకునే బంకు తెరిచింది. బ్రిటన్‌లో పెట్రోలును 2 గ్యాలన్ల (సుమారు 9 లీటర్ల) డబ్బాల్లోనే అమ్మేవారు. అక్కడ మొదటి బంకును ఆటోమొబైల్ అసోసియేషన్ 1919లో ఆల్డర్‌మాస్టన్‌లో ఏర్పాటు చేసింది. బంకు అంటే భూమిలో పాతిన ట్యాంకు. దాన్ని నింపడానికి ఒకేసారి వందల గ్యాలన్లు తెచ్చే బండి కావాలి. గుర్రాలు అంత బరువును రోజుకు కొద్ది దూరమే లాగగలవు. ఈ అవసరానికి అప్పటికి దొరికిన బరువు లారీల్లో ఎక్కువ భాగం చైన్ డ్రైవ్‌వే.

చోదక వ్యవస్థ

గొలుసు ఎందుకు?

లారీ ఇంజను వేగంగా తిరుగుతుంది, చక్రం నెమ్మదిగా తిరగాలి. ఈ వేగాన్ని తగ్గించేటప్పుడు చక్రం దగ్గర తిప్పే బలం అనేక రెట్లు పెరుగుతుంది. 1900–1915 మధ్య దొరికిన ఉక్కుతో, పళ్లు కోసే యంత్రాలతో ఆ బలాన్ని తట్టుకునే ఇరుసు గేర్లు చేయడం కష్టంగా ఉండేది. చేసినా ఇరుసు మరీ బరువయ్యేది. గొలుసులో మాత్రం భారం ఒకేసారి అనేక పళ్ల మీద పడుతుంది. హాన్స్ రెనాల్డ్ 1880లో మాంచెస్టర్‌లో పేటెంటు పొందిన రోలర్ గొలుసు అప్పటికే యంత్రాల్లో రుజువైంది (చూ. రోలర్ గొలుసు).

అమరిక

సాధారణ అమరికలో ఇంజను, క్లచ్, గేర్‌బాక్సు చట్రం ముందు, మధ్య భాగాల్లో ఉంటాయి. గేర్‌బాక్సు నుంచి శక్తి చట్రానికి అడ్డంగా ఉండే ఒక షాఫ్టుకు వెళుతుంది. దీన్ని జాక్ షాఫ్టు అంటారు. మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగడానికి అవసరమైన డిఫరెన్షియల్ ఈ షాఫ్టు మధ్యలోనే ఉంటుంది. షాఫ్టు రెండు చివర్లా చిన్న పళ్ల చక్రాలు, వెనక చక్రాలకు పెద్ద పళ్ల చక్రాలు బిగిస్తారు. సైకిల్లో ఒక గొలుసు చేసే పనినే ఇక్కడ ఇరుపక్కలా రెండు గొలుసులు చేస్తాయి. వెనక ఇరుసు తిరగదు. అది బరువును మోసే ఉక్కు కడ్డీ మాత్రమే, చక్రాలు దాని చివర్ల మీద తిరుగుతాయి.

గతుకుల్లో కమాను కట్టలు వంగినప్పుడు ఇరుసు ముందుకూ వెనక్కూ జరిగితే గొలుసు బిగుసుకోవడమో వదులవడమో జరుగుతుంది. దీన్ని ఆపడానికి జాక్ షాఫ్టుకూ ఇరుసుకూ మధ్య రెండు పక్కలా రేడియస్ రాడ్లు ఉంటాయి. వాటి పొడవును మరలతో సవరించి గొలుసు బిగువు సరిచేస్తారు.

లాభాలు, పరిమితులు

గేర్లు, డిఫరెన్షియల్ బరువంతా కమాను కట్టల పైన, చట్రం మీద ఉంటుంది. ఇరుసు తేలికగా ఉండడం వల్ల గట్టి టైర్లతో గతుకుల్లో పోతున్నప్పుడు చట్రానికి, ట్యాంకు అతుకులకు తగిలే దెబ్బ తగ్గుతుంది. పళ్ల చక్రాలు మార్చి బండి లక్షణాన్నే మార్చుకోవచ్చు. ఉదాహరణకు ముందు 15 పళ్లు, వెనక 45 పళ్లు ఉంటే వేగం మూడో వంతుకు తగ్గుతుంది. ముందు చక్రాన్ని 12 పళ్లదిగా మారిస్తే తగ్గింపు 3.75 రెట్లవుతుంది. అప్పుడు బండి మరింత నెమ్మదిగా నడుస్తుంది గాని ఎత్తులు సులభంగా ఎక్కుతుంది. కొండ ప్రాంతపు డిపోకూ మైదానపు డిపోకూ ఒకే నమూనా లారీని పంపడానికి ఇది వీలు కల్పించింది. గొలుసు తెగితే దారిలోనే కొత్త లంకె వేసుకోవచ్చు. ఇరుసు గేరు విరిగితే బండిని షెడ్డుకు ఈడ్చుకెళ్లాలి.

మరోవైపు గొలుసు చప్పుడు చేస్తుంది, బురద, దుమ్ము పట్టి అరుగుతుంది, తరచూ శుభ్రం చేయవలసి ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ అరుగుదల, అదురు రెండూ పెరుగుతాయి.

ట్యాంకు నిర్మాణం

తొలి ట్యాంకులను ఉక్కు రేకులు వంచి, రివెట్లు కొట్టి, అతుకులు మూసి తయారుచేశారు. చట్రం వంకరపోయే కొద్దీ రివెట్ల దగ్గర చెమ్మ ఊరేది. 1920ల్లో వెల్డింగ్ వాడకం పెరగడంతో ఈ లోపం తగ్గింది. అడ్డకోతలో ట్యాంకు గుండ్రంగా గాని కోడిగుడ్డు ఆకారంలో గాని ఉండేది. రెండో ఆకారంలో ద్రవం వెడల్పుగా, తక్కువ ఎత్తులో నిలుస్తుంది కాబట్టి బండి గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది.

అరలు: ట్యాంకును నిలువు పలకలతో రెండు నుంచి నాలుగైదు అరలుగా విభజించేవారు. ఒక అరలో కిరసనాయిలు, మరో దానిలో పెట్రోలు తీసుకెళ్లవచ్చు. ప్రతి అరకూ పైన వేరే మూత, కింద వేరే గొట్టం, కొళాయి ఉంటాయి.

అలల అడ్డుపలకలు: సగం నిండిన అరలో ద్రవం బ్రేకు వేసినప్పుడు ముందుకు, బండి కదిలినప్పుడు వెనక్కి కొట్టుకుంటుంది. ఈ తోపు గొలుసుల మీద, బ్రేకుల మీద పడుతుంది. రంధ్రాలున్న పలకలు అలను చీల్చి దాని బలాన్ని తగ్గిస్తాయి.

ఖాళీ జాగా: పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. ఉష్ణోగ్రత 20 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగితే దాని ఘనపరిమాణం సుమారు 2 శాతం పెరుగుతుంది. అందుకే ట్యాంకును అంచు దాకా నింపరు. ఆవిరి పోవడానికి మూతలో చిన్న రంధ్రం ఉంటుంది.

సామర్థ్యం: వెయ్యి అమెరికన్ గ్యాలన్ల (సుమారు 3,785 లీటర్ల) పెట్రోలు దాదాపు 2.8 టన్నులు తూగుతుంది. ట్యాంకు, గొట్టాలు, డబ్బాల అరల బరువు దీనికి అదనం. ఆ లెక్కన వెయ్యి గ్యాలన్ల బండికి 3.5 నుంచి 5 టన్నుల తరగతి చట్రం అవసరమయ్యేది. కిరసనాయిలు సాంద్రత ఎక్కువ కాబట్టి అదే ట్యాంకులో అది మరింత బరువు తూగుతుంది.

ప్రధాన నమూనాలు

మాక్ ఏసీ

చైన్ డ్రైవ్ లారీల్లో అందరికీ బాగా తెలిసినది అమెరికాకు చెందిన మాక్ ఏసీ. ఎడ్వర్డ్ హ్యూయిట్ రూపకల్పన చేసిన ఈ లారీ 1916లో మార్కెట్లోకి వచ్చింది. 1938 వరకు 40,299 లారీలు తయారయ్యాయి. నాలుగు సిలిండర్ల ఇంజను ఘనపరిమాణం 471 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 7.7 లీటర్లు. చట్రం వేడిచికిత్స చేసిన క్రోమ్ నికెల్ ఉక్కుతో చేసినది. రేడియేటరు ఇంజనుకు ముందు కాక వెనక, డ్రైవరు కాళ్ల ముందున్న గోడ దగ్గర ఉండేది. అందువల్ల ఇంజను మూత ముందుకు వాలిన మొండి ముక్కులా కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు ఈ లారీకి బుల్‌డాగ్ అని పేరు పెట్టారని సంస్థ చరిత్ర చెబుతుంది. తర్వాత ఆ కుక్కే సంస్థ చిహ్నమైంది. ఇంజను మూత మీద కనిపించే బుల్‌డాగ్ బొమ్మను 1932లో మాక్ ప్రధాన ఇంజినీరు ఆల్ఫ్రెడ్ మజూరీ చెక్కాడు.

మొదట్లో ప్రధానంగా 3.5, 5, 7.5 టన్నుల తరగతుల్లో వచ్చిన ఈ చట్రాల మీద చమురు సంస్థలు తమ ట్యాంకులు కట్టించుకున్నాయి. ఇదే చట్రం కంకర లారీగా, బొగ్గు లారీగా, అగ్నిమాపక శకటంగానూ పనిచేసింది. 1926లో వచ్చిన ఆరు సిలిండర్ల ఏపీ నమూనా దీని శక్తిమంతమైన రూపం. 1927లో వచ్చిన ఏకే నమూనాలో గొలుసుల బదులు రెండంచెల గేర్ల ఇరుసు వాడారు. కొన్నేళ్లపాటు కొనుగోలుదారులకు రెండు రకాలూ దొరికాయి.

స్కామెల్ సంధి లారీ

బ్రిటన్‌లో లండన్‌కు చెందిన బండ్ల తయారీ సంస్థ స్కామెల్ అండ్ నెఫ్యూ మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే ఆరు చక్రాల సంధి లారీని రూపొందించింది. 1922లో దీని తయారీ కోసం స్కామెల్ లారీస్ అనే సంస్థ ఏర్పడి వాట్‌ఫర్డ్‌లో కర్మాగారం పెట్టింది. అక్కడి చట్టం ఒక్కో ఇరుసు మీద పడే బరువుకు హద్దు విధించింది. స్కామెల్ అమరికలో భారం మూడు ఇరుసుల మీద పడేది కాబట్టి చట్టానికి లోబడి ఎక్కువ సరుకు మోయగలిగేది. లాగే బండి వెనక చక్రాలకు గొలుసులే శక్తినిచ్చేవి.

1920ల మధ్యలో ఈ సంస్థ చట్రం లేని ట్యాంకు ట్రైలరును తెచ్చింది. ఇందులో ట్యాంకు గొట్టమే దూలంగా పనిచేస్తుంది. ముందు చివర లాగే బండి మీద, వెనక చివర ఇరుసు మీద ఆనుతుంది. కింద వేరే ఉక్కు చట్రం ఉండదు. ఆదా అయిన ప్రతి కిలో బరువుకూ అంత ఇంధనం అదనంగా మోయవచ్చు. గొలుసులు పోయిన తర్వాత కూడా ఈ పద్ధతి నిలిచింది (చూ. ట్యాంకు ట్రైలర్లు).

ఇతర తయారీదారులు

అమెరికాలో వైట్, ప్యాకార్డ్, బ్రిటన్‌లో ల్యూటన్‌కు చెందిన కామర్ కార్ వంటి సంస్థల తొలి బరువు లారీలు గొలుసులతోనే నడిచాయి. మిల్వాకీకి చెందిన స్టెర్లింగ్ సంస్థ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా కొంతకాలం చైన్ డ్రైవ్ భారీ లారీలు తయారుచేసింది. అది 1951లో వైట్ సంస్థలో కలిసింది.

సరఫరా విధానం

డిపోలో ఎత్తైన వేదిక మీది గొట్టం నుంచి ట్యాంకు పై మూతల ద్వారా ఇంధనం నింపేవారు. కొలత గీతలున్న కర్ర ముంచి మట్టం చూసేవారు. తొలి దశలో దించడం పూర్తిగా చేతిపనే. డ్రైవరు బండి వెనక తలుపు తెరిచి, సరైన అర కొళాయి కింద 5 గ్యాలన్ల (సుమారు 19 లీటర్ల) కొలత డబ్బా పెట్టి, గీత దాకా పట్టి, దాన్ని మోసుకెళ్లి దుకాణం ట్యాంకులో గరాటు మీదుగా పోసేవాడు. వంద గ్యాలన్లు దించాలంటే ఇలా 20 సార్లు తిరగాలి. లెక్క తప్పకుండా ప్రతి డబ్బాకూ గుర్తు పెట్టుకునేవారు.

భూమిలో పాతిన ట్యాంకులు వచ్చాక రబ్బరు గొట్టం తగిలించి, ఇంధనం తన బరువుతో తానే దిగేలా చేశారు. 1920ల చివరి నుంచి ఇంజను శక్తితో నడిచే పంపులు, కొలిచే మీటర్లు క్రమంగా చేరాయి. ఇళ్లను వెచ్చబెట్టే నూనె పొయ్యిలు అమెరికాలో పెరగడంతో ఇంటింటికీ నూనె పోసే ట్యాంకర్లు మరో శాఖగా ఎదిగాయి (చూ. తాపన నూనె).

నిర్వహణ

గొలుసు అరుగుదల దాని లంకెల్లోని పిన్నుల దగ్గర జరుగుతుంది. ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుకవాసి అరిగినా, అన్నీ కలిసి గొలుసు పొడవు పెరుగుతుంది. సాగిన గొలుసు పళ్ల మీద పైకి ఎక్కి, పళ్లను కొక్కేల్లా అరగదీస్తుంది. పొడవు సుమారు 3 శాతం పెరిగితే గొలుసు మార్చడం ఇంజినీరింగు ఆనవాయితీ. రెండు గొలుసులనూ ఒకేసారి మార్చేవారు. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే లాగుడు సమంగా ఉండదు.

శుభ్రపరిచే పద్ధతి ఇది: గొలుసు విప్పి కిరసనాయిలులో నానబెట్టి మట్టి వదిలిస్తారు, ఆరబెడతారు, గ్రాఫైటు కలిపిన కొవ్వును కరిగించి అందులో ముంచుతారు. కొవ్వు పిన్నుల లోపలికి ఇంకిన తర్వాత బయటకు తీసి, పైన మిగిలినదాన్ని తుడిచేస్తారు. పైపైన నూనె పూస్తే అది పిన్నుల్లోకి చేరదు, పైగా దుమ్మును పట్టి ఉంచుతుంది. ట్యాంకరు లారీల్లో మరో ఇబ్బంది కూడా ఉండేది. ఒలికిన పెట్రోలు గొలుసు మీద పడితే కొవ్వును కడిగేస్తుంది. కొందరు తయారీదారులు గొలుసును రేకు పెట్టెలో మూసి ఈ రెండు సమస్యలనూ తగ్గించారు.

భద్రత

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. అది నేల మట్టాన పాకి, దూరంలో ఉన్న మంటనైనా అందుకుంటుంది. తొలి లారీలకు కిరసనాయిలు లేదా ఎసిటిలీన్ దీపాలు ఉండడం వల్ల రాత్రి సరఫరా ప్రమాదకరంగా ఉండేది. విద్యుద్దీపాలు వచ్చాక ఈ ప్రమాదం తగ్గింది. పొగ గొట్టాన్ని ట్యాంకు కిందుగా వెనక్కి పోనివ్వకుండా ముందు భాగంలోనే ముగించడం, ట్యాంకుకూ డ్రైవరు గదికీ మధ్య అడ్డుగోడ పెట్టడం, ట్యాంకు లోపలే మూసుకునే అత్యవసర కవాటాలు అమర్చడం క్రమంగా అలవాటయ్యాయి.

స్థిర విద్యుత్తు: గొట్టంలో పారే పెట్రోలు విద్యుదావేశం పొందుతుంది. దాన్ని భూమిలోకి పంపడానికి బండి వెనక నేలను రాచే చిన్న గొలుసు వేలాడదీసేవారు. చోదక గొలుసులకూ దీనికీ సంబంధం లేదు. పొడి రోడ్డు మీద ఇది నమ్మదగిన రక్షణ కాదని తేలాక, నింపేటప్పుడూ దించేటప్పుడూ బండినీ గొట్టాన్నీ తీగతో కలపడం ప్రమాణమైంది.

బ్రేకులు: కొన్ని లారీల్లో ఒక బ్రేకు జాక్ షాఫ్టు మీద పనిచేసేది. గొలుసు తెగితే అటువైపు చక్రానికి ఆ బ్రేకు అందదు. అందుకే వెనక చక్రాల డ్రమ్ములకు వేరుగా చేతి బ్రేకు కలిపేవారు.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

భారతదేశంలో ఈ కాలపు కిరసనాయిలు వ్యాపారం ప్రధానంగా డబ్బాల మీద నడిచింది. రంగూన్ దగ్గరి సిరియం శుద్ధి కర్మాగారం నుంచి బర్మా ఆయిల్ సంస్థ కిరసనాయిలును భారత రేవులకు పంపేది. ఖాళీ డబ్బాలు నీళ్లు మోయడానికి, ధాన్యం దాచడానికి, పైకప్పు రేకులుగా పనికొచ్చేవి కాబట్టి కొనుగోలుదారులు డబ్బాకూ విలువ ఇచ్చేవారు. ఆసియా మార్కెట్లలో ట్యాంకరు సరఫరా ఆలస్యంగా వ్యాపించడానికి ఇది ఒక కారణం. 1928లో ఏర్పడిన బర్మా షెల్ సంస్థ ట్యాంకు బిగించిన ఎద్దు బళ్లతో కూడా కిరసనాయిలు పంపిణీ చేసింది. పెట్రోలియం రవాణాను 1934 నాటి పెట్రోలియం చట్టం, 1937 నాటి నియమాలు క్రమబద్ధం చేశాయి. విశాఖపట్నంలో కాల్టెక్స్ శుద్ధి కర్మాగారం 1957లో మొదలయ్యేనాటికి ప్రపంచమంతటా రోడ్డు ట్యాంకర్లు షాఫ్టు డ్రైవ్‌కు మారిపోయాయి.

క్షీణత

చైన్ డ్రైవ్ ట్యాంకర్లు తగ్గిపోవడానికి నాలుగు కారణాలు కలిసివచ్చాయి.

ఒకటి, ఇరుసు గేర్లు మెరుగుపడ్డాయి. బ్రిటన్‌లో డెన్నిస్ సంస్థ 1904 నుంచే వర్మ్ గేర్ (మర ఆకారపు గేరు) ఇరుసు వాడింది. అమెరికాలో పియర్స్ యారో 1911లో అదే పద్ధతితో 5 టన్నుల లారీ తెచ్చింది. మిశ్రలోహపు ఉక్కు, రెండంచెల గేర్లు వచ్చాక పెద్ద తరగతుల్లోనూ గొలుసు అవసరం తప్పింది.

రెండు, గాలి టైర్లు. బరువు లారీలకు సరిపడే గాలి టైర్లు 1920ల్లో వచ్చాయి. గతుకుల దెబ్బ తగ్గడంతో ఇరుసు తేలికగా ఉండాలన్న పట్టింపు సడలింది.

మూడు, వేగం. గంటకు పాతిక, ముప్పై కిలోమీటర్ల వేగంలో గొలుసు చక్కగా పనిచేస్తుంది. రోడ్లు బాగుపడి, డిపోల మధ్య దూరాలు పెరిగి, అంతకు మించిన వేగం అవసరమైనప్పుడు మూసిన ఇరుసే మేలైంది.

నాలుగు, శ్రమ ఖర్చు. నూనెలో మునిగి ఉండే మూసిన గేర్లకు రోజువారీ శుభ్రత అక్కర్లేదు.

ఈ మార్పు ఒక్కసారిగా జరగలేదు. ట్యాంకరు రోజంతా ఊళ్లోనే తిరిగి, తక్కువ దూరం నడిచి, ఎక్కువసేపు ఆగి ఉండే బండి. అటువంటి పనికి వేగం పెద్దగా అక్కర్లేదు కాబట్టి సంస్థలు పాత చైన్ డ్రైవ్ చట్రాలను అరిగిపోయేదాకా వాడుకున్నాయి. కొన్నిచోట్ల పాత చట్రానికి గాలి టైర్లు వేసి ఆయుష్షు పొడిగించారు.

ప్రాముఖ్యం

చమురు సరఫరాలో ఓడ, రైలు, పైపులైను టోకు రవాణాను రేవు దాకా, డిపో దాకా తెచ్చాయి. చైన్ డ్రైవ్ ట్యాంకర్లు దాన్ని అమ్మకం స్థలం దాకా పొడిగించాయి. బ్రిటన్‌లో 2 గ్యాలన్ల డబ్బాల పద్ధతి పోయి బంకుల పద్ధతి రావడానికి, అమెరికాలో వీధి మలుపు బంకులు పెరగడానికి ఇవి ఆధారమయ్యాయి. అరల విభజన, అలల అడ్డుపలకలు, వ్యాకోచానికి వదిలే జాగా, లోపలి అత్యవసర కవాటం, చట్రం లేని ట్యాంకు వంటి ఏర్పాట్లు ఈ తరం బండ్ల మీదే రూపుదిద్దుకున్నాయి. నేటి ట్యాంకర్లలో గొలుసు లేకపోయినా వీటిలో చాలావరకు కొనసాగుతున్నాయి. బరువు లారీల గొలుసు నేడు రోడ్డు రవాణాలో దాదాపు కనిపించదు. రోలర్ గొలుసు మాత్రం మోటారు సైకిళ్లలో, వ్యవసాయ యంత్రాల్లో, కర్మాగారాల కన్వేయర్లలో వాడుకలో ఉంది.